టీవీ ముందు "ఇది నేనైనా వేసేవాణ్ని" అనిపించే పనుల్లో మనవల్ల నిజంగా అయ్యేవి ఎన్ని?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఫౌల్ జరిగాక గీత దగ్గర నిలబడి వేసే, ఎవరూ అడ్డులేని ఫ్రీ త్రో తప్పిస్తాడు. అంతర్జాతీయ ఫీల్డర్ చేతుల్లోకి వచ్చిన క్యాచ్ వదిలేస్తాడు. ప్రపంచస్థాయి ఫుట్‌బాలర్ పెనాల్టీని గోల్ పైనుంచి తన్నేస్తాడు. వాళ్లలా మ్యాచ్ ఆడలేమని ఒప్పుకుంటాం. కానీ ఇలాంటి చిన్న చిన్న పనులనైనా, ఏడాదిపాటు పట్టుబట్టి సాధన చేస్తే, ముప్పై దాటిన మామూలు అభిమాని వాళ్లతో సమానంగా చేయగలడా? నూటికి 75 ఫ్రీ త్రోలు వేస్తానని స్నేహితుడితో పందెం కూడా కాశానన్నారు.

నేను చాలా ఏళ్లుగా బాస్కెట్‌బాల్ కోచ్‌ని. మధ్యలో కొంతకాలం క్రికెట్ కుర్రాళ్ల ఫీల్డింగ్ కూడా చూశాను. ఈ ప్రశ్న పిల్లల్ని దింపడానికి వచ్చిన తండ్రుల నోట తరచూ వింటాను. కొందరు అక్కడికక్కడే చొక్కా చేతులు మడిచి కోర్టులోకి దిగిపోతారు కూడా.

కొన్నిట్లో అవును, చాలావాటిలో కాదు అన్నది నా జవాబు. ఏది ఎటు వెళ్తుందో తేల్చడానికి ముందుగా ఒక్కటే చూస్తాను: బంతిని కదిలించేది ఎవరు? మీరే కదిలిస్తే, ఎప్పుడు మొదలుపెట్టాలో మీ ఇష్టమైతే, ఆశ ఉంది. ఎదుటివాడు కదిలిస్తే, మీకు ఎంత సమయం దొరకాలో వాడే నిర్ణయిస్తే, ఆ పని చూడ్డానికి ఎంత చిన్నదైనా ఏడాదిలో కాదు, పదేళ్లలో కూడా కష్టమే.

ముందు మీ ఫ్రీ త్రో సంగతి. గీత నుంచి బోర్డుకు 15 అడుగులు, అంటే 4.57 మీటర్లు. రింగు ఎత్తు 10 అడుగులు. రింగు వ్యాసం 45.7 సెంటీమీటర్లు, బంతిది దాదాపు 24. ఈ కొలతలు హైస్కూలు కుర్రాళ్ల ఆటకూ ప్రపంచ ఛాంపియన్ల ఆటకూ దాదాపు ఒక్కటే. అడ్డుపడేవాడు లేడు, గాలి లేదు, మైదానం ఎగుడుదిగుళ్లు లేవు. ఇంత నిశ్చలమైన పని జట్టు ఆటల్లో మరొకటి దొరకడం కష్టం. అయినా అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఏటా మొత్తం లీగ్ సగటు నూటికి 75–78 దగ్గరే తిరుగుతూ ఉంటుంది. స్టీఫెన్ కరీ కెరీర్ సగటు 91 శాతం. 'షాక్' అని అందరూ పిలిచే షకీల్ ఓ'నీల్‌ది 52.7. బెన్ వాలెస్ అయితే మరీ, 41.4. వీళ్లిద్దరూ తమ కాలంలో లీగ్‌ను గడగడలాడించినవాళ్లు. కాబట్టి "ప్రొఫెషనల్‌తో సమానం" అంటే ఏ ప్రొఫెషనల్‌తో అన్నది ముందు తేల్చుకోవాలి. షాక్‌ను దాటడం ఆరోగ్యంగా ఉన్న ఏ మనిషికైనా కొన్ని నెలల పని. నా దగ్గర ఎత్తు తక్కువని జట్టులోకి రాలేకపోయిన పిల్లలు దాన్ని తేలిగ్గా దాటేస్తారు.

ఇంకా ముందుకెళ్దాం. టామ్ ఆంబెరీ అనే పాదాల డాక్టరు, రిటైరయ్యాక, 1993లో, డెబ్బై దాటిన వయసులో వరుసగా 2,750 ఫ్రీ త్రోలు వేశాడు. ఒక్కటీ పోలేదు. దాదాపు 12 గంటలు పట్టింది. ఆగింది కూడా తప్పినందుకు కాదు, జిమ్ మూసే వేళయిందని. 1996లో టెడ్ సెయింట్ మార్టిన్ ఆ రికార్డును 5,221కి తీసుకెళ్లాడు. ఆయన పాడి రైతు. ఈ అంకె ఎంత పెద్దదో ఊహకు అందడం లేదు కదా, ఒక లెక్క చూడండి: ఒక్కో షాట్‌లో 99.9 శాతం కచ్చితత్వం ఉన్నవాడికి కూడా 5,221 వరుసగా పడే అవకాశం రెండు వందల్లో ఒక వంతు చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఆ రైతు చేతికి పొరపాటు అన్నదే దాదాపు లేదు.

ఈ కథ చెప్పేవాళ్లు ఒక సంగతి దాచేస్తారు. ఆంబెరీ దారిన పోయే దానయ్య కాదు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి, కాలేజీ రోజుల్లో పేరున్న ఆటగాడు, ప్రొఫెషనల్ జట్టు పిలుపు కాదనుకుని వైద్యం చదువుకున్నవాడు. అందుకే "ఎవరైనా చేయొచ్చు" అనడానికి ఆయన్ని సాక్ష్యంగా తేవడం నాకు నచ్చదు. ఆయన రుజువు చేసింది వేరు: ఈ పనికి కుర్రతనం అక్కర్లేదు, ఎగరడం అక్కర్లేదు, వేగం అక్కర్లేదు. ప్రతిసారీ ఒకేలా చేయగలిగితే చాలు.

మరి అంత సులువైతే షాక్ ఎందుకు నేర్చుకోలేదని అడుగుతారు. అతనికి జీతం ఇచ్చింది అందుకు కాదు. రింగు కింద ముగ్గురిని తోసుకుని బంతిని రింగులోకి కుక్కడానికి ఇచ్చారు. అంత పెద్ద అరచేతిలో బంతి మనకు దొరికినట్టు వేళ్ల కొసల మీద కుదరదు. దీనికి తోడు మొహమాటం ఒకటి. విల్ట్ చాంబర్లిన్ 1962లో ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టిన రోజు, రెండు చేతులతో కిందినుంచి విసిరే పద్ధతిలో 32 ఫ్రీ త్రోల్లో 28 వేశాడు. తర్వాత చూడ్డానికి బాగాలేదని ఆ పద్ధతే మానేశాడు. కెరీర్ సగటు 51 శాతం దగ్గర ముగిసింది. అదే పద్ధతిని ఎవరేమనుకున్నా వదలని రిక్ బ్యారీ ఎన్‌బీఏలో దాదాపు 90 శాతంతో రిటైరయ్యాడు. ఇక్కడ అభిమానికి ఒక సౌకర్యం ఉంది: మిమ్మల్ని వేలమంది చూడటం లేదు. సిగ్గు లేకుండా మీకు కుదిరిన పద్ధతి ఎంచుకోండి.

కోణం మాత్రం పట్టించుకోండి. బంతి పైనుంచి నిటారుగా దిగితే దానికి రింగు పూర్తిగా తెరుచుకుంటుంది. 45 డిగ్రీల కోణంలో వస్తే తెరిచిన వెడల్పు 32 సెంటీమీటర్లే, అంటే బంతికి మిగిలే జాగా ఎనిమిది సెంటీమీటర్లు. 32 డిగ్రీల కంటే చదునుగా వస్తే రింగుకు తగలకుండా లోపలికి పడటం అసలు సాధ్యం కాదు. కొత్తవాళ్లలో ఎక్కువమంది చదునుగానే విసురుతారు. ఎత్తుగా వేయాలంటే కాళ్లు వాడాలి, వాళ్లు చేతులతోనే కానిచ్చేస్తారు. సరైన పద్ధతి దొరికాక, వారానికి ఐదు రోజులు, రోజుకు నూరు నూటయాభై చొప్పున ఏడాది వేస్తే, ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి ఒకేచోట నిలబడి నూటికి 75 వేయడం నా అంచనాలో సగానికి పైగా అవకాశం ఉన్న పనే. పందెం అలా కాసి ఉంటే మీ వైపే మొగ్గుతాను.

అయితే మీ స్నేహితుడికి కాస్త తెలివి ఉంటే ఇంకో షరతు అడుగుతాడు, అడగాలి కూడా. మ్యాచ్‌లో ఎవరూ నూరు ఫ్రీ త్రోలు వరుసగా వేయరు. కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తి, ఒకడి మోచెయ్యి పక్కటెముకల్లో దిగాక, ఆయాసపడుతూ గీత మీదికొచ్చి రెండు వేస్తారు. మళ్లీ పావుగంట దాకా అవకాశం రాకపోవచ్చు. వరుసగా వేసేటప్పుడు మూడోది నాలుగోదాన్ని సరిదిద్దుతుంది, చేతికి లయ కుదురుతుంది. రెండే వేస్తే సరిదిద్దుకోవడానికి ఏమీ లేదు. కాబట్టి సరైన పరీక్ష ఇలా ఉండాలి: వార్మప్ షాట్లు లేకుండా, కోర్టు నాలుగుసార్లు వేగంగా చుట్టి, రెండు వేయాలి. మళ్లీ పరుగు, మళ్లీ రెండు. రోజుకు పది చొప్పున పది రోజులు. ఎప్పుడు వేయాలో స్నేహితుడు చెప్పాలి, పక్కన నిలబడి నోటికొచ్చింది అనే హక్కు వాడికుండాలి. నిలబడి 75 వేసేవాళ్లు ఈ పద్ధతిలో 60కి జారడం నాకు మామూలుగా కనిపించే దృశ్యం. ప్రొఫెషనల్స్ అంకెలన్నీ ఈ రెండో పద్ధతిలో వచ్చినవని గుర్తుంచుకోండి. వాళ్లు ప్రాక్టీసులో వేసే వరుసలు చూస్తే మన పందేల ఊసే ఎత్తం.

అలసట మీద ఇంకో మాట. బయాథ్లాన్ అనే ఆట ఉంది, మంచు మీద స్కీయింగ్ చేస్తూ మధ్యమధ్యలో ఆగి తుపాకీ పేల్చాలి. 50 మీటర్ల దూరంలో లక్ష్యం, నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్లు, పడుకుని కాల్చేటప్పుడు 45. ఓపిగ్గా నేర్చుకుంటే ఆ నిలబడే లక్ష్యాన్ని విశ్రాంతిగా ఉన్న మామూలు మనిషి కూడా కొట్టగలడు. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటూ ఉండగా కొట్టడమే ఆ ఆట.

అభిమానులు తమను తాము కొలుచుకునే తీరులో ఇంకో చిక్కు ఉంది. మనం మన మంచి ప్రయత్నాన్ని గుర్తుపెట్టుకుంటాం, వాళ్ల చెడ్డ ప్రయత్నాన్ని గుర్తుపెట్టుకుంటాం. 1993లో డాన్ కాల్హూన్ అనే ఆఫీసు సామాన్ల సేల్స్‌మన్‌ని షికాగో బుల్స్ మ్యాచ్ మధ్యలో ప్రేక్షకుల్లోంచి పిలిచి, కోర్టు అవతలి ఫ్రీ త్రో గీత దగ్గర్నుంచి ఒకే ఒక్క షాట్ వేయమన్నారు. పడితే పది లక్షల డాలర్లు. పడింది! మైకేల్ జోర్డాన్ ఆడుతున్న కోర్టు అది. అతను కాలేజీలో ఆడాడన్న సాకుతో బీమా కంపెనీ డబ్బివ్వనంటే, జట్టూ స్పాన్సర్లూ కలిసి ఇచ్చారు. ఆ ఒక్క షాట్ చూసి కాల్హూన్‌ని జోర్డాన్ పక్కన నిలబెట్టం కదా. ఒక్కసారి పడటం ఎవరికైనా రాసిపెట్టి ఉండొచ్చు. నూటికి 50 వేసేవాడు వరుసగా పది వేసే అవకాశం 1,024లో ఒకటి. 75 వేసేవాడికి నూటికి ఐదారు. 90 వేసేవాడికి 35. మధ్యలో తేడా కొంచెమే అనిపించినా, వరుస పెరిగేకొద్దీ ఒకరికొకరు అందనంత దూరం వెళ్లిపోతారు.

అందుకే కుర్రాళ్లను ఎంపిక చేసేటప్పుడు వాళ్ల గొప్ప షాట్ చూడను. బాగా విసిగిపోయిన రోజున వాడి చెత్త షాట్ ఎంత చెత్తగా ఉందో చూస్తాను. ప్రొఫెషనల్ తప్పిన బంతి రింగు అంచుకు తగిలి బయటికొస్తుంది. మనం తప్పిన బంతి బోర్డునే తాకదు. స్కోరు పట్టీలో రెండూ సున్నాలే, కానీ రెండూ ఒకటి కావు.

మీరే మొదలుపెట్టే పనులు ఇంకా ఉన్నాయి. డార్ట్స్‌లో 2.37 మీటర్ల నుంచి విసురుతారు, 60 పాయింట్లు ఇచ్చే ట్రిపుల్ 20 పట్టీ వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు. శరీరంతో పనిలేని ఆట కాబట్టి సామాన్యుడికి అందుతుందని అనుకుంటాం. ల్యూక్ లిట్లర్ 2025 ప్రపంచ ఛాంపియన్ అయ్యేసరికి 17 ఏళ్లే, కాబట్టి కండబలం అక్కర్లేదన్న మాట నిజమే. కానీ పైస్థాయి వాళ్ల మూడు బాణాల సగటు 100 చుట్టూ ఉంటుంది, అదీ గంటల తరబడి. మీరు ఒకసారి మూడు బాణాలూ ఆ పట్టీలోనే గుచ్చి 180 కొట్టొచ్చు. ఆ సగటు మాత్రం వేరే లోకం. గోల్ఫ్‌లో ఎనిమిది అడుగుల పట్‌ను (బంతిని నేల మీద గుంతలోకి దొర్లించే దెబ్బ) టూర్ ఆటగాళ్లు, అంటే ప్రొఫెషనల్స్ కూడా రెండింట ఒకటే వేస్తారు. కాబట్టి ఒక్క పట్ పోటీ పెడితే మీరు గెలవడం వింతేమీ కాదు.

ఈ గోల్ఫ్‌లోనే డాన్ మెక్‌లాఫ్లిన్ ప్రయోగం ఒకటుంది. ఆయన ఫొటోగ్రాఫరు, గోల్ఫ్ అంటే తెలియనివాడు. 2010లో ఉద్యోగం మానేసి, పదివేల గంటల సాధనతో ప్రొఫెషనల్ కావాలని కూర్చున్నాడు. దాదాపు ఆరు వేల గంటలు చేశాక వెన్నునొప్పి ఆపేసింది. అప్పటికి హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మేటి) 2.6 దాకా దించాడు. క్లబ్బుల్లో ఆడే చాలామందికి జీవితకాలంలో అందని అంకె అది. టూర్ ఆటగాళ్లు మాత్రం సున్నాకు అవతలి వైపున ఉంటారు. ఉద్యోగం చేస్తూ సాయంత్రం గంట కేటాయించే మనకు ఇది నిరుత్సాహం కలిగించేదో ఉత్సాహం కలిగించేదో మీరే తేల్చుకోండి. నాకైతే రెండోదే అనిపిస్తుంది.

బ్యాడ్మింటన్ షార్ట్ సర్వ్ కూడా మీ చేతిలో మొదలయ్యేదే. వల మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు, అవతల 1.98 మీటర్ల గీత దాటాలి. ఖాళీ కోర్టులో వారంలో వచ్చేస్తుంది. ఎదురుగా డబుల్స్ ఆటగాడు రాకెట్ ఎత్తి నిలబడితే, వలకు జానెడు పైనుంచి వెళ్లిన షటిల్‌ను మీ ఛాతీ మీదికి పంపిస్తాడు. అదే సర్వ్, అదే కోర్టు, అవతల మనిషి మారాడంతే. బంతి ఎవరిదన్న నా గీటురాయి ఇక్కడ కాస్త పలచబడుతుందని ఒప్పుకోవాలి.

ఇక ఎదుటివాడు కదిలించే బంతి. గంటకు 140 కిలోమీటర్ల బౌలింగ్ బ్యాటర్‌ను చేరడానికి అర సెకను అటూఇటూ పడుతుంది. చూసినదానికి స్పందించి చేతిని మార్చుకోవడానికి మనిషికి 0.2 సెకన్లు కావాలి. ఆ వ్యవధిలో బంతి ఏడు మీటర్లకు పైగా వచ్చేస్తుంది. గుడ్ లెంగ్త్‌లో పడిన బంతి పిచ్ మీద తగిలాక పక్కకు తిరిగితే, ఆ తిరుగుడు చూసి బ్యాట్ మార్చగల మనిషి భూమ్మీద లేడు. ప్రొఫెషనల్‌కు మనకంటే చురుకైన నరాలు ఉన్నాయని చాలామంది నమ్ముతారు. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ మెక్‌లియోడ్ 1987లో అంతర్జాతీయ బ్యాటర్లను పరీక్షిస్తే వాళ్ల స్పందన కాలం కూడా మామూలువాళ్లలాగే 0.2 సెకన్ల దగ్గరే తేలింది. 2000లో మైకేల్ లాండ్‌తో కలిసి ఆయనే బ్యాటర్ల చూపును రికార్డు చేశాడు. బంతి యంత్రం నుంచి వెలువడిన కాసేపటికే మంచి బ్యాటర్ చూపు బంతిని వదిలేసి అది ఎక్కడ పడబోతోందో అక్కడికి దూకి ముందే కాచుకుని ఉంటుంది. తక్కువ స్థాయి బ్యాటర్ చూపు అక్కడికి ఆలస్యంగా చేరుతుంది.

అంటే తేడా కళ్లలో లేదు, చేతుల్లో లేదు, ముందుగా ఊహించడంలో ఉంది. ఆ ఊహ బౌలర్ మణికట్టు, భుజం, పరుగు చూసి పుడుతుంది. చిన్నప్పటి నుంచి వేల బంతులు చూస్తే తప్ప రాదు. సాక్ష్యం కావాలంటే బేస్‌బాల్ చూడండి. 2004లో ఒక ప్రదర్శన మ్యాచ్‌లో, బేస్‌బాల్‌కు దగ్గరి ఆటైన సాఫ్ట్‌బాల్‌లో బౌలర్ జెన్నీ ఫించ్ కింది చేతితో విసిరితే, అప్పటికే మేటి హిట్టర్లలో ఒకడైన ఆల్బర్ట్ పుహోల్స్ బంతిని తాకలేక అవుటయ్యాడు. బంతి పెద్దది. దూరం తక్కువ, వేగమూ తక్కువ, కాబట్టి దొరికే సమయం బేస్‌బాల్‌లో దొరికేదానికి దగ్గరగానే ఉంటుంది. మారింది చేయి తిరిగే తీరు. తను ఎన్నడూ చదవని తీరు ఎదురయ్యేసరికి ఆ మేటి ఆటగాడు ఆ క్షణానికి మనలో ఒకడయ్యాడు. అతనికే అలా అయితే, ఏ తీరూ చదవని మనం నెట్స్‌లో అసలైన ఫాస్ట్ బౌలర్ ముందు నిలబడి "డిఫెన్స్ ఒక్కటే ఆడతాను" అనడం ఏమిటి చెప్పండి. డిఫెన్స్ అతనికి ప్రాథమికం. మనకు ఆ బంతి కనపడితే గొప్ప.

ఫుట్‌బాల్‌లో ఫస్ట్ టచ్ కూడా అంతే, దాని గురించి ఎక్కువ చెప్పను. నలభై మీటర్ల నుంచి వచ్చిన పాస్‌ను కాలితో ఒడుపుగా ఆపి, అదే తాకిడిలో తర్వాతి పరుగుకు అనువైన చోట పెట్టడం టీవీలో కనపడదు, ఎందుకంటే అది సరిగ్గా జరిగితే అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది. ప్రాథమిక నైపుణ్యాల్లో అభిమానుల కంట పడనిది, వాళ్లకు బొత్తిగా అందనిది ఇదేనని నా అభిప్రాయం. పెనాల్టీ దీనికి వ్యతిరేకం. 11 మీటర్లు, 7.32 మీటర్ల వెడల్పు, 2.44 ఎత్తు, బంతి మీది. ఖాళీ గోల్‌లోకి మీరు నూటికి నూరు కొట్టగలరు. 1994 ప్రపంచకప్ ఫైనల్లో రాబర్టో బాజ్జియో కొట్టింది పైనుంచి వెళ్లిపోయింది, నిజమే. గోల్‌కీపర్ అందుకోలేని మూలకు కొట్టాలి కాబట్టి అంచుకు దగ్గరగా గురిపెట్టాలి, అంచుకు దగ్గరగా గురిపెట్టేవాడే అంచు దాటిస్తాడు. మధ్యలోకి మెల్లగా తన్నే మనకు ఆ ప్రమాదం లేదు, ఎందుకంటే మనం గోల్‌కీపర్‌ను లెక్కలోకే తీసుకోలేదు.

టెన్నిస్ మీద ఒక సరదా సర్వే ఉంది. 2019లో బ్రిటన్‌లో యూగవ్ సంస్థ, మీ శక్తికొద్దీ ఆడితే సెరీనా విలియమ్స్ మీద ఒక్క పాయింటైనా గెలవగలరా అని అడిగితే, మగవాళ్లలో 12 శాతం గెలుస్తామన్నారు. ఆడవాళ్లలో 3 శాతం. జనం ఆ 12 శాతాన్ని చూసి తెగ నవ్వారు. నేను కొంచెం ఆగి నవ్వాను. 6–0, 6–0తో ఓడినా కనీసం 48 పాయింట్లు ఆడాలి, వాటిలో సగం ఆమె సర్వ్‌లు. ఎంతటివాళ్లకైనా డబుల్ ఫాల్టులు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింటు పోవడం) పడతాయి. ఒక పాయింటు రావచ్చు. కాకపోతే అది మీరు గెలిచింది కాదు, ఆమె పారేసుకుంది. ఆ సర్వ్‌ను రాకెట్ మధ్యలో తగిలించి కోర్టులోకి తిరిగి పంపడం అనే ప్రాథమికమైన పని మాత్రం ఆ 12 శాతంలో ఎవరివల్లా కాదనే అనుకుంటాను.

శరీరం గురించి ఎక్కువ వాదన అక్కర్లేదు. 2023లో షికాగోలో కెల్విన్ కిప్టమ్ మారథాన్‌ను 2 గంటల 35 సెకన్లలో ముగించాడు. ప్రతి 100 మీటర్లకు దాదాపు 17 సెకన్లు. మీరు కూడా 17 సెకన్లలో 100 మీటర్లు పరుగెత్తగలరేమో, పరుగెత్తి చూడండి. తర్వాత ఆగకుండా ఇంకో నాలుగు వందల ఇరవై ఒక్కసార్లు.

నాకు ఇంతకంటే ఎక్కువ నచ్చేది ఎరిక్ ముసంబానీ లెక్క. ఈక్వటోరియల్ గినీ నుంచి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు వచ్చాడు. ఈత నేర్చుకుని కొద్ది నెలలే. 50 మీటర్ల కొలను చూడటం కూడా అక్కడే మొదటిసారి. తొలి రౌండు పోటీలో (హీట్) మిగతా ఇద్దరూ ముందే దూకి అనర్హులవడంతో ఒంటరిగా ఈది, 100 మీటర్లు 1 నిమిషం 52.72 సెకన్లలో ముగించాడు. ఫైనల్ గెలిచినవాడి సమయం 48.30. అందరికీ గుర్తున్నది ఇంతే. ముసంబానీ ఆ తర్వాత సాధన మానలేదు, నాలుగేళ్లలోపే 57 సెకన్ల కిందికి వచ్చాడు. దాదాపు సగానికి సగం! పట్టుదల ఉన్న సామాన్యుడు ఎంతదూరం వెళ్లగలడో, ఎక్కడ ఆగుతాడో ఒకేచోట చూపించే అంకెలు ఇవి. మొదటి 55 సెకన్లు సాధన తీసేసింది. మిగిలిన తొమ్మిది సెకన్ల కోసం మాత్రం చిన్ననాటి నుంచి కొలనులో పెరిగినవాళ్లు వేలల్లో పోటీపడి, గుప్పెడుమంది చేరుకుంటారు.

ఒక ముచ్చట. బ్రయాన్ స్కాలబ్రీనీ అని, ఎన్‌బీఏలో ఎక్కువ కాలం బెంచీ మీదే కూర్చున్న ఆటగాడు. "వీడికంటే మేం నయం" అని అభిమానులు ఎగతాళి చేసేవారు. రిటైరయ్యాక 2013లో ఒక రేడియో వాళ్లు పెట్టిన పోటీలో నలుగురితో ఒకరి తర్వాత ఒకరితో ఆడాడు. ఎదుటివాళ్లు కూడా ఏరికోరి తెచ్చిన గట్టి ఆటగాళ్లే. మొత్తం స్కోరు 44–6. లెబ్రాన్ జేమ్స్‌కు నేనెంత దగ్గరో, నాకు మీరు అంతకంటే చాలా దూరం అన్న అర్థం వచ్చేలా ఆయన అన్న మాట ఈ ప్రశ్న వచ్చిన ప్రతిచోటా వినిపిస్తుంది. వినిపించాలి కూడా.

ఇక మీరు అడిగిన క్యాచ్ సంగతి. ఇక్కడ రెండు రకాలను కలిపేయకండి. స్లిప్ క్యాచ్‌ను వదిలేయండి. బ్యాట్ అంచు ఎటు తిప్పుతుందో తెలియని బంతి, ఆలోచించే వ్యవధి లేదు, అది బ్యాటింగ్ కోవలోదే. ఆకాశానికి లేచిన క్యాచ్ వేరు. ఎదుటివాడు లేపిన బంతే అయినా మీకు సమయం ఉంటుంది. 20 మీటర్ల ఎత్తుకు లేస్తే నాలుగు సెకన్లు గాల్లో ఉంటుంది. నా గీటురాయికి ఇదో మినహాయింపు, అభిమాని ప్రొఫెషనల్‌కు నిజంగా దగ్గరగా రాగల పని ఇది.

కొత్తవాళ్లు చేసే తప్పు, బంతి ఎక్కడ పడుతుందో లెక్కగట్టి అక్కడికి పరుగెత్తి నిలబడటం. అలా ఎవరూ లెక్కగట్టలేరు. బంతి మీద చూపు నిలిపి, అది మీ కంటికి నిదానంగా పైకి జరుగుతూనే ఉన్నట్టు కనపడేలా పరుగు వేగాన్ని సర్దుకుంటూ ఉండండి. మరీ వేగంగా పైకి పోతూ ఉంటే మీ తలమీదుగా వెనక్కి వెళ్తోందని, వెనక్కి కదలాలని అర్థం. పైకి జరగడం ఆగి కిందికి దిగుతున్నట్టు కనిపిస్తే ముందు పడుతుందని, ముందుకు కదలాలని. మంచి ఫీల్డర్లు తెలియకుండానే చేసేది ఇదే. మొదటి రెండు వారాలు టెన్నిస్ బంతితో, స్నేహితుణ్ని మీకు చెప్పకుండా ఎటైనా కొట్టమనండి. నిలబడ్డ చోటికే కొట్టించుకుంటే సాధన వృథా. తర్వాతే తోలు బంతి. అది మీ చేతుల్లోకి వచ్చేసరికి గంటకు 65 కిలోమీటర్ల వేగం దాటి ఉంటుంది. వేళ్లు బంతికి ఎదురుగా పొడుచుకుని ఉండకూడదు. రెండు చిటికెన వేళ్లూ పక్కపక్కన ఆనించి, బంతి తగలగానే చేతుల్ని ఛాతీ వైపు లాక్కోండి. ఎండలో అయితే సూర్యుడికి అడ్డంగా ఒక చెయ్యి ముందే ఎత్తి పెట్టుకోండి. బంతి వెలుగులోకి వెళ్లాక ఎత్తితే ఆలస్యమవుతుంది.